వాగులో, చెరువులో కెమికల్స్ పట్టుకోవాలంటే ఏ జీవిని చూడాలి: ఆల్చిప్పా, పురుగా, చేపా, పక్షి గుడ్డా, నీటికుక్కా?

వాగు రంగు మారితేనో, తెల్లారేసరికి చెరువులో చేపలు చచ్చి తేలితేనో ఎవరో ఒకరు బాటిల్‌లో నీళ్లు పట్టి ల్యాబ్‌కి పంపుతారు, కొన్నాళ్లకి రిపోర్ట్ వస్తుంది, అందులో అన్నీ లిమిట్స్ లోపలే ఉంటాయి, గొడవ అక్కడితో సద్దుమణుగుతుంది. ల్యాబ్ వాళ్లు తప్పు చేశారని కాదు. వ్యర్థాలు వదిలేది అర్ధరాత్రో, పెద్ద వాన దంచుతున్నప్పుడో అయితే, మనం నీళ్లు పట్టేది మర్నాడు పదకొండింటికి, ఆలోపు వచ్చింది కాస్తా కిందికి పోయింది. ఇన్‌స్పెక్షన్ రోజు ఒక్కపూట స్కూల్‌కి వెళ్లి ఏడాదంతా పాఠాలు ఎలా చెప్పారో రాయమన్నట్టే ఇది.

అందుకే నీళ్లతో పాటు ఆ నీళ్లలోనే రాత్రీ పగలూ బతికే జీవుల్ని కూడా చూడాలి. వాటికి తప్పించుకునే దారి లేదు, వచ్చినదంతా ఒంట్లోకి వెళ్తుంది, కొన్ని కెమికల్స్ అక్కడే ఉండిపోతాయి. సరే, మరి ఏ జంతువు బెస్ట్ అంటారా, అలా ఒక్కదాని పేరు చెప్పడం కుదరదు. మీరు వెతికే కెమికల్ ఏంటి, ఎంత ఏరియా గురించి తెలియాలి, నిన్నటి సంగతి కావాలా పదేళ్ల సంగతి కావాలా, ఈ మూడింటిని బట్టి జీవి మారిపోతుంది. తప్పు జీవిని పట్టుకుంటే డబ్బులు దండగ అవ్వడం ఒక్కటే కాదు, "ఏమీ లేదంట" అనే ధైర్యం ఊరంతా పాకుతుంది, ఆ ధైర్యం ఇంకా డేంజర్.

ముందు కెమికల్ సంగతి తేల్చుకోండి

కాలిఫోర్నియాలో క్లియర్ లేక్ అని ఒక పెద్ద చెరువు. అక్కడ కుట్టని చిన్న దోమల్లాంటి పురుగులు ఎక్కువై జనానికి చికాకుగా ఉందని 1949లో డీడీటీకి దగ్గరి చుట్టమైన డీడీడీ అనే మందు కలిపారు, 7 కోట్ల వంతుల నీళ్లకి 1 వంతు లెక్కన, అంటే లేనట్టే. పురుగులు మళ్లీ వచ్చాయని 1954లో, 1957లో ఇంకాస్త ఎక్కువ, 5 కోట్లకి 1 వంతు. ఆ తర్వాత అక్కడ చేపలు తినే గ్రీబ్ పక్షులు, మన చెరువుల్లో మునిగి తేలే బుడుబుంగల జాతివే కానీ సైజులో పెద్దవి, వరసగా చచ్చిపోవడం మొదలైంది. వాటి కొవ్వు తీసి చూస్తే 10 లక్షల వంతుల్లో 1,600 వంతులు ఆ మందే. నీళ్లలో లేనట్టున్నది నాచులోకి, చిన్న చేపలోకి, పెద్ద చేపలోకి, పక్షిలోకి ఒక్కో మెట్టు ఎక్కుతూ అంత అయింది.

ఈ కథ ఎక్కడ పడితే అక్కడ చెప్తారు, చెప్పాల్సిందే, కానీ దీన్ని విని అన్ని కెమికల్సూ ఇలాగే పైకి పోతాయి అనుకుంటారు చూడండి, అక్కడే తేడా కొడుతుంది. పైకి పోయే కొద్దీ పెరిగేవి కొన్నే: మెర్క్యురీ, అంటే పాదరసం (అందులోనూ జీవుల ఒంట్లో చేరే దాని రూపం మిథైల్ మెర్క్యురీ), డీడీటీ లాంటి పాత మందులు, పాత ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్స్‌లో ఉండే పీసీబీలు, మంటలార్పే నురుగులో వాడిన పీఎఫ్ఓఎస్ లాంటివి. వీటికైతే చేపలు తినే పెద్ద జీవుల్ని చూడటంలో అర్థం ఉంది. సీసం, కాడ్మియం అలా కాదు, కింద మెట్టు మీదున్న ఆల్చిప్పలోనే ఎక్కువ ఉండి పైకి పోయేసరికి తగ్గిపోతాయి. రాగి, జింక్ అయితే చేప తన ఒంట్లో ఎంత కావాలో అంతే ఉంచుకుని మిగతాది బయటికి తోసేస్తుంది, కాబట్టి చేప కండలో జింక్ కొలిచి "నార్మల్" అని రాయడం వల్ల నీళ్ల గురించి తెలిసేది సున్నా. డీజిల్, తారు, పొగ మసి నుంచి వచ్చే పీఏహెచ్‌లని కూడా చేప లివర్ తొందరగా విరగ్గొట్టేస్తుంది, ఆల్చిప్పకి ఆ శక్తి చాలా తక్కువ, అందుకే దానిలో నిలవ ఉంటాయి. యూరప్ వాళ్లు 2013లో సవరించిన రూల్స్‌లో ఈ తేడానే రాసుకున్నారు, మెర్క్యురీని చేపలో కొలవండి, పీఏహెచ్‌లని చిప్పజీవుల్లో, రొయ్య జాతుల్లో కొలవండి అని.

ఇంకో గుంపు ఉంది, మన పొలాల్లో వాడే క్లోర్‌పైరిఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు, సింథటిక్ పైరెథ్రాయిడ్లు. ఇవి వచ్చి చంపేసి పోతాయి, ఒంట్లో ఎక్కువ కాలం నిలవవు. వీటి విషయంలో జంతువుని కోసి లోపల వెతకడం కంటే, ఉండాల్సిన జంతువు అక్కడ ఉందా లేదా అని చూడటమే సాక్ష్యం.

కొన్నిటికి అసలు జంతువే వద్దు. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు దగ్గర బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థాలు శుద్ధి చేసే ప్లాంట్ నుంచి బయటికొచ్చే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉందని రాశారు. యాంటీబయాటిక్ నీళ్లలోనే ఆ రేంజ్‌లో ఉంటే ఇక చేపని పట్టి కోయడం ఎందుకు, నీళ్లు, అడుగు మట్టి, అందులోని బ్యాక్టీరియా మందుకి లొంగుతుందా లేదా, ఇవి చూస్తే చాలు. అదే నీళ్లని 0.2 శాతానికి, అంటే 500 రెట్లు పలచన చేసి ల్యాబ్‌లో తోకకప్పల్ని పెంచితే వాటి ఎదుగుదల 40 శాతం తగ్గిందని 2009లో ఇంకో పేపర్ వచ్చింది. అది ల్యాబ్ కప్ప, వాగులో కప్ప కాదు, కాబట్టి ఈ పోలికలోకి రాదు, కానీ పక్కన పెట్టేయడానికి మనసొప్పలేదు.

ఆల్చిప్ప: నా ఓటు ఎక్కువసార్లు దీనికే

అందం లేదు, ఫోటోకి పనికిరాదు, ఎవరూ ముద్దు చేయరు. కానీ కదలదు. పెట్టిన చోటే ఉండి నీళ్లు లోపలికి లాగి వడకట్టి వదులుతూ ఉంటుంది, గోరంత ఉండే జీబ్రా మస్సెల్ అనే విదేశీ ఆల్చిప్ప కూడా రోజుకి దాదాపు లీటరు నీళ్లు వడకడుతుంది, మన చెరువుల్లో ముత్యాల సాగు చేసేవాళ్లు వాడే నల్ల ఆల్చిప్ప దానికంటే చాలా పెద్దది. సీసం, కాడ్మియం, పీఏహెచ్‌లు, కొన్ని పాత పురుగుమందులు దాని మెత్తటి మాంసంలో చేరతాయి. అమెరికాలో 1986 నుంచి తీరాల్లో ఆల్చిప్పల్ని ఇలా చూస్తున్నారు, 1992లో అమెరికా, కెనడా మధ్యనున్న గ్రేట్ లేక్స్ అనే పెద్ద సరస్సులకి కూడా తెచ్చారు. అక్కడ వాడేది జీబ్రా మస్సెల్నే, అది బయటి నుంచి ఓడల్లో వచ్చి ఆ సరస్సుల్ని పాడు చేస్తున్న జీవి, ఎలాగూ వచ్చి కూర్చుంది కదా అని పనికి పెట్టుకున్నారు.

దీనిలో అసలు మజా ఏంటంటే బుట్టలో పెట్టి ఎక్కడికి కావాలంటే అక్కడికి తీసుకెళ్లొచ్చు. శుభ్రంగా ఉన్న చెరువు నుంచి ఒకే సైజు ఆల్చిప్పలు తెచ్చుకోండి, కొన్నిటిని ఆ రోజే ఫ్రీజర్‌లో పెట్టండి, అది మీ మొదటి లెక్క. మిగతావాటిని వల బుట్టల్లో వేసి అనుమానం ఉన్న కాలువ కలిసే చోటికి పైన ఒక బుట్ట, కింద ఒకటి, ఇంకా కిందికి ఒకటి కట్టి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయండి. తీసి చూసినప్పుడు పైన బుట్టలో లేనిది కింద బుట్టలో ఉంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికైనా అర్థమవుతుంది, ఒకే చోటి జీవులు, ఒకే రోజు మొదలుపెట్టాం, మారింది చోటు ఒక్కటే కదా. పొల్యూషన్ బోర్డు ముందు వాదించాలంటే ఇంత నీట్‌గా ఉండే సాక్ష్యం వేరే జీవితో దొరకడం కష్టం.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. ఘాటైన విషం తగిలితే ఆల్చిప్ప తలుపు మూసుకుని కూర్చుంటుంది, అది దాటాక తెరుస్తుంది, అంటే రెండు గంటల్లో వచ్చి వెళ్లిన స్పైక్ మాంసంలో కనపడకపోవచ్చు. పోలండ్‌లో వార్సా వాళ్లు ఆ మూసుకోవడాన్నే అలారంగా మార్చుకున్నారు, విస్తులా నది అడుగు నుంచి నీళ్లు తీసే పంపింగ్ స్టేషన్‌లో ఎనిమిది ఆల్చిప్పలకి సెన్సర్లు పెట్టారు, అవి ఒక్కసారిగా మూసుకుంటే సిస్టమ్ అలర్ట్ ఇస్తుంది, కొన్ని నెలలు డ్యూటీ చేశాక వాటిని మళ్లీ నీళ్లలో వదిలేసి కొత్తవాటిని తెస్తారు. మన దగ్గర పెద్ద సమస్య వేరు, ఆక్సిజన్ లేని నల్లటి మురుగులో ఆల్చిప్పే చచ్చిపోతుంది, హైదరాబాద్ సిటీ లోపలి మూసీలో బుట్ట కట్టడం వాటిని చంపడానికి తప్ప ఇంకెందుకూ కాదు. ఎండాకాలం చెరువు అడుగంటినా అంతే. ఇంకోటి, ఒక నది ఆల్చిప్పల్ని ఇంకో నదికి తీసుకెళ్లి పెట్టకండి, జబ్బులు, పరాన్నజీవులు వాటితో పాటే వెళ్తాయి.

నీటిపురుగులు: డబ్బులు లేనివాళ్లకి, కానీ ఓపిక ఉన్నవాళ్లకి

ఇక్కడ ల్యాబ్ అక్కర్లేదు. ఒక వల, ఒక తెల్ల ట్రే, కాస్త ట్రైనింగ్. రాళ్ల కింద బతికే మే ఫ్లై, స్టోన్ ఫ్లై, క్యాడిస్ ఫ్లై పిల్లలు పొల్యూషన్‌ని అస్సలు తట్టుకోలేవు, ఎర్రగా ఉండే బ్లడ్ వార్మ్స్ దేన్నైనా తట్టుకుంటాయి, ఎవరున్నారు ఎవరు లేరు అనేదాన్ని బట్టి స్కోర్ వేస్తారు. బ్రిటన్ వాళ్లు ఒక్కో కుటుంబానికి 1 నుంచి 10 దాకా మార్కులు పెట్టిన పద్ధతి ఉంది, మన సెంట్రల్ పొల్యూషన్ కంట్రోల్ బోర్డు కూడా దాన్ని మన నదులకి తగ్గట్టు మార్చి వాడింది.

దీని పవర్ ఏంటో 2013 జులైలో ఇంగ్లండ్‌లో కెన్నెట్ నది దగ్గర తెలిసింది. అక్కడ గాలం వేసేవాళ్లు, ఊరివాళ్లు వాలంటీర్లుగా నెలనెలా పురుగులు లెక్కపెడుతుంటారు. ఒకసారి లెక్కకి వెళ్తే మంచినీటి చిన్న రొయ్యలు, పురుగులు చచ్చి ఉన్నాయి, చేపలు మాత్రం మామూలుగానే తిరుగుతున్నాయి. వెంటనే ఫోన్ చేశారు, అధికారులు వచ్చి చూస్తే క్లోర్‌పైరిఫాస్, మురుగు శుద్ధి ప్లాంట్ మీదుగా వచ్చింది, దాదాపు 15 కిలోమీటర్ల మేర నదిలో పురుగులు తుడిచిపెట్టుకుపోయాయి. చేపల్ని మాత్రమే చూసుకుంటూ కూర్చుంటే ఎవరికీ తెలిసేది కాదు. మన దగ్గర కూడా ఇదే మందు, పత్తికి, వరికి, చెదలకి బాగా వాడిన మందు, కాబట్టి ఈ కథ మనకి దూరం కాదు.

కానీ బ్రిటన్ లిస్ట్ పట్టుకుని మన ఊరి చెరువు దగ్గరికి వెళ్లకండి. స్టోన్ ఫ్లై చల్లగా పారే నీళ్లలో ఉండేది, నిలవ నీళ్ల చెరువులో అది లేకపోవడం పొల్యూషన్ కాదు, సహజం. ఈ పద్ధతి పారే వాగులకి, ఏజెన్సీ ఏరియా ఏరులకి బాగా సూటవుతుంది, చెరువులకి అంత కాదు. వరద వస్తే పురుగులన్నీ కొట్టుకుపోతాయి, వరద తగ్గి కొన్ని వారాలు ఆగాకే లెక్క మొదలుపెట్టాలి. ఇంకోటి, పురుగుల లెక్క "ఏదో అయింది" అని చెప్తుంది, ఏ కెమికల్ అని చెప్పదు.

పురుగుల్లో ఒకటి మాత్రం వేరే లెవెల్, తూనీగ. పెద్దయ్యాక ఎగురుతుంది కానీ అంతకుముందు దాని పిల్ల నీళ్లలోనే నెలల తరబడి, చల్లటి దేశాల్లో కొన్ని జాతులైతే ఏళ్ల తరబడి ఉంటుంది, కనపడిన చిన్న జీవినల్లా తింటుంది, పుట్టిన కుంట దాటి వెళ్లదు. అంటే చిన్న సైజు వేటగాడు, లోకల్ మనిషి. మెర్క్యురీకి ఇంతకంటే ఏం కావాలి. అమెరికాలో వందకి పైగా నేషనల్ పార్కుల్లో స్కూల్ పిల్లలు, వాలంటీర్లు తూనీగ పిల్లల్ని పట్టి ఇస్తే సైంటిస్టులు వాటిలో మెర్క్యురీ కొలుస్తారు. మన దగ్గర థర్మల్ ప్లాంట్ల చుట్టూ ఉన్న చెరువుల్లో ఇలాంటిది ఎవరైనా మొదలుపెడితే బాగుంటుందని నాకు చాలా ఆశ, తూనీగలకి కొదవా మనకి.

చేప: "తినొచ్చా" అనేదే ప్రశ్న అయితే ఇంకేదీ వద్దు

ఊళ్లో జనం అడిగేది పీసీబీ గురించి కాదు, ఈ చెరువు చేప తినొచ్చా అని. దానికి జవాబు చేపే ఇవ్వాలి, అదీ జనం నిజంగా తినే చేప. మెర్క్యురీ అయితే వేటాడి తినే వాలుగ, కొర్రమీను లాంటివి, కాస్త పెద్ద సైజువి, వాటి కండ. పీఎఫ్ఓఎస్ లాంటివైతే లివర్, ఎందుకంటే అది కొవ్వులో కాదు ప్రొటీన్లకి అతుక్కుంటుంది. పీఏహెచ్ అయితే కండలో దొరకదని పైనే చెప్పా, పైత్యరసంలో దాని విరిగిన ముక్కలు దొరుకుతాయి. ఏ భాగం కోశారో రాయని రిపోర్ట్‌ని నేనైతే నమ్మను.

చేపతో మూడు మోసాలు ఉన్నాయి. మొదటిది మార్కెట్. ఆ చెరువు పక్కనే అమ్ముతున్నారు కదా అని కొంటే అది కైకలూరు, ఆకివీడు వైపు చెరువుల నుంచి ఐస్‌లో వచ్చిన బొచ్చె అయ్యుండొచ్చు. వల వేసినప్పుడు మీరే ఒడ్డున నిలబడి తీసుకోవాలి. రెండోది స్టాకింగ్, ప్రభుత్వం, సొసైటీలు ఏటా చేపపిల్లల్ని వదులుతాయి, రోహు, బొచ్చె కొన్ని నెలల కిందటే ఆ నీళ్లలోకి వచ్చాయి కాబట్టి వాటిలో తక్కువ దొరికితే చెరువు శుభ్రం అని కాదు, అవి ఇంకా కొత్త అని. వదలకుండా అక్కడే పుట్టి పెరిగే చేదుపరిగెలు, జెల్లలు బెటర్. మూడోది మొండి చేపలు. కొర్రమీను, మార్పు, ఇంగిలీకం పైకొచ్చి గాలి పీలుస్తాయి, తిలాపియా ఎలాంటి నీళ్లలోనైనా బతికేస్తుంది, "చేపలు ఉన్నాయి కదండీ, నీళ్లు బాగానే ఉన్నట్టు" అనే మాట వింటే ముందు ఏ చేపలు అని అడగండి.

చేపలు చచ్చి తేలినప్పుడు కూడా అన్నిసార్లూ కెమికల్ కాదు, చాలాసార్లు ఆక్సిజన్ పడిపోవడమే, తొలకరి వానకి మురుగంతా చెరువులోకి కొట్టుకొచ్చినప్పుడు మరీను. ఆక్సిజన్ సమస్య అయితే సాధారణంగా తెల్లవారుజామున జరుగుతుంది, పెద్ద చేపలు ముందు పోతాయి, మిగతావి పైకొచ్చి నోరు తెరుస్తుంటాయి. విషం అయితే టైమ్‌తో పనిలేదు, చిన్న చేపలు, పురుగులు, రొయ్యలు ముందు పోతాయి. ఇది చూసి రాసుకోవడానికి ఫోన్ చాలు, కాకపోతే ఆ పొద్దున్నే వెళ్లాలి, మధ్యాహ్నానికి ఆధారం ఉండదు.

చేప మాత్రమే చెప్పగలిగే ఇంకో రహస్యం హార్మోన్ల గురించి. 1990ల్లో ఇంగ్లండ్ నదుల్లో మురుగు ప్లాంట్ల కింద మగ రోచ్ చేపల వృషణాల్లో గుడ్లు కనపడ్డాయి, మగవాటి రక్తంలో ఆడచేపకి మాత్రమే ఉండాల్సిన గుడ్డు ప్రొటీన్ దొరికింది. కారణాల్లో గర్భనిరోధక మాత్రల్లో ఉండే ఈస్ట్రోజెన్ ఒకటి. కెనడాలో 2001 నుంచి 2003 దాకా ఒక ప్రయోగ సరస్సులో కావాలనే ఆ హార్మోన్‌ని లీటరుకి 5, 6 నానోగ్రాముల లెక్కన కలిపి చూశారు, అక్కడి ఫ్యాట్‌హెడ్ మిన్నో అనే చిన్న చేప దాదాపు కనపడకుండా పోయింది. ఇంత తక్కువని నీళ్లలో కొలవడం ల్యాబ్‌కి తలనొప్పి, మగచేప రక్తంలో మాత్రం తెలిసిపోతుంది.

పక్షి గుడ్డు: పదేళ్ల లెక్క కావాలంటే

గ్రేట్ లేక్స్‌లో కెనడా వాళ్లు 1974 నుంచి ఏటా హెర్రింగ్ గల్ అనే చేపలు తినే నీటిపక్షి గుడ్లు సేకరిస్తున్నారు. తల్లి తిన్న చేపల్లోని పీసీబీ, డీడీటీ అవశేషాలు కొవ్వుతో పాటు గుడ్డులోకి దిగుతాయి, తల్లిని చంపక్కర్లేదు, గుడ్డు అంటేనే ప్యాక్ చేసిన శాంపిల్. అలా నిషేధాల తర్వాత ఆ మందులు ఎలా తగ్గాయో గీత గీసినట్టు కనపడింది. ఇంకా గొప్ప సంగతి, ఆ గుడ్లని పారేయకుండా ఫ్రీజ్ చేసి దాచారు, తర్వాత ఫోమ్, ఎలక్ట్రానిక్స్‌లో కలిపే మంట ఆర్పే కెమికల్స్ మీద అనుమానం వచ్చినప్పుడు పాత గుడ్లు తీసి చూస్తే 1981 నుంచి 2000 దాకా అవి ఎలా ఎగబాకాయో తెలిసింది. గుడ్లు తీసినప్పుడు ఆ ప్రశ్న ఎవరి బుర్రలోనూ లేదు.

ఆ గల్ ఎందుకు పనికొచ్చిందంటే అది ఏడాదంతా ఆ సరస్సుల దగ్గరే ఉంటుంది. ఈ పాయింట్ మర్చిపోయి మన దగ్గర చలికాలం వలస బాతుల మీద పడితే వాటి ఒంట్లోది సైబీరియాదో, దారిలోదో ఎలా చెప్తారు. ఉప్పలపాడు, తేలినీలాపురం దగ్గర గూళ్లు పెట్టే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఇంకా మేలు, కానీ అవి కూడా మేతకి చాలా దూరం పోతాయి, కొల్లేరు దగ్గర ఆటపాక గూడబాతు కొల్లేరు చేపే తిందో పక్కన ఫిష్ ట్యాంక్‌లో చేప తిందో ఎవరు చూశారు. చిన్న ఏరియాలో తిరిగే పక్షి కావాలి. వేల్స్‌లో డిప్పర్ అని వాగు రాళ్ల మీద గెంతుతూ నీటిపురుగులు తినే పిట్ట ఉంది, ఒక్కో జంట వాగులో కొంత ముక్కకే అంటిపెట్టుకుని ఉంటుంది, అందుకే సిటీ వాగు డిప్పర్ గుడ్డుకీ పల్లె వాగు డిప్పర్ గుడ్డుకీ పీసీబీల్లో తేడా తెలిసింది. మనకి అలాంటి పాత్రలో లకుముకి పిట్ట, బుడుబుంగ పనికొస్తాయేమో అని నాకు అనిపిస్తుంది.

అయితే ఒక్క మాట గట్టిగా చెప్తున్నా, మన దేశంలో 1972 వన్యప్రాణుల చట్టం కింద అడవి పక్షుల గుడ్లు, ఈకలు పర్మిషన్ లేకుండా తీయకూడదు. యూనివర్సిటీతో కలిసి, ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్‌కి అప్లై చేసి, అప్పుడు. ఆ ఓపిక లేకపోతే పక్షిని ఈ లిస్ట్‌లోంచి కొట్టేయండి.

నీటికుక్క: చచ్చాకే మాట్లాడుతుంది

అందరికీ ముందు గుర్తొచ్చేది, అందరూ ఇష్టపడేది ఇదే, చేపలు తిని బతికే జీవుల్లో పై మెట్టు కాబట్టి మెర్క్యురీ, పీసీబీ, పీఎఫ్ఓఎస్ అన్నీ దాని లివర్‌లో చేరతాయి. బ్రిటన్‌లో 1950ల చివర నుంచి నీటికుక్కలు మాయమయ్యాయి, విత్తనాలకి పట్టించే డీల్డ్రిన్ లాంటి మందులే ముఖ్య కారణమని తర్వాత తేలింది. 1977-79 సర్వేలో ఇంగ్లండ్‌లో వెతికిన చోట్లలో 6 శాతంలోనే ఆనవాళ్లు, 2010 వచ్చేసరికి సగానికి పైగా చోట్ల. కార్డిఫ్ యూనివర్సిటీ వాళ్లు 1994 నుంచి రోడ్డు మీద బళ్ల కింద పడి చచ్చిన నీటికుక్కల్ని జనం చెప్తే తెచ్చుకుని పోస్ట్‌మార్టం చేసి లివర్లు దాస్తున్నారు. ఆ దాచిన వాటిలో 2007-2009 నాటి 50 నీటికుక్కల లివర్లు చూస్తే అన్నిటిలోనూ పీఫాస్, అంటే పైన చెప్పిన పీఎఫ్ఓఎస్ ఉండే కెమికల్స్ కుటుంబం, దొరికిందని 2022లో రాశారు.

ఇంత గొప్పది అయినా మీకు వద్దు అంటాను. మగ నీటికుక్క ఒక్కటే పదుల కిలోమీటర్ల నది తిరుగుతుంది, దాని ఒంట్లో దొరికింది ఏ కాలువ నుంచో చెప్పడం అయ్యే పని కాదు. దేశం మొత్తానికి, దశాబ్దాల ట్రెండ్‌కి బంగారం, మీ ఊరి డ్రెయిన్‌కి మాత్రం పనికిరాదు. మన గోదావరి, కృష్ణా వైపు కూడా నీటికుక్కలు ఉన్నాయి కానీ ఎన్ని దొరుకుతాయి, ఎవరు తెచ్చిస్తారు, అవి రక్షిత జంతువులు కూడా. అడుగుల గుర్తులు, రెట్టలు చూసి "ఇక్కడ ఉన్నాయి" అని రాసుకోండి, అది వేరే పనికి పనికొస్తుంది.

పై మెట్టు జంతువుల మీద ఆధారపడితే ఇంకో ఇరకాటం కూడా ఉంది. 2007-08 చలికాలంలో చంబల్ నదిలో వందకి పైగా ఘరియల్ మొసళ్లు చచ్చిపోయాయి, కోసి చూస్తే కిడ్నీలు పోయి గౌట్, అంటే ఒంట్లో యూరిక్ యాసిడ్ పేరుకుపోయే జబ్బు. యమున వైపు నుంచి చేపలతో వచ్చిన ఏదో విషం అని అనుమానించారు, దేశ విదేశాల డాక్టర్లు వచ్చారు, ఇదే ఆ విషం అని గట్టిగా తేల్చలేకపోయారు. వరసగా శాంపిల్స్ తీసి దాచిన నది అయితే వెనక్కి వెళ్లి వెతికే ఛాన్స్ ఉండేది.

మరి ఎవరు ఏది తీసుకోవాలి

ఒక ఫ్యాక్టరీ కాలువ మీదో, ఒక వర్క్‌షాప్ ఏరియా మీదో అనుమానం ఉంటే కళ్లు మూసుకుని బుట్టలో ఆల్చిప్పలు, నీళ్లు మరీ నల్లటి మురుగు అయితే జీవుల్ని వదిలేసి అడుగు మట్టి. పొలాల మందు వాగులోకి వస్తోందని అనుమానమైతే నెలనెలా పురుగుల లెక్క, స్ప్రే సీజన్‌లో ఇంకా దగ్గర దగ్గరగా. మెర్క్యురీ అయితే తూనీగ పిల్లలు, తోడుగా వాలుగ కండ. చేప తినే జనం భయం అయితే చేపే, ఇంకో మాట లేదు. అపార్ట్‌మెంట్ల మురుగు, హార్మోన్లు అయితే మగచేప రక్తం, కానీ ఇది యూనివర్సిటీ లేకుండా జరగదు. పక్షి గుడ్డు, నీటికుక్క అనేవి పదేళ్లు ఆగకుండా నడిపే సంస్థలకి, మన యూనివర్సిటీల్లో ఒక్కటైనా చేస్తే బాగుండు, ముఖ్యంగా దాచిపెట్టే పని. జర్మనీ వాళ్లు రైన్, ఎల్బే నదుల చేపల్ని, ఆల్చిప్పల్ని మైనస్ 150 డిగ్రీల కింద ఏళ్ల తరబడి దాస్తున్నారు, కొత్త కెమికల్ పేరు బయటపడ్డ ప్రతిసారీ తీసి చూసుకుంటారు.

బడ్జెట్ ఒక్కదానికే ఉంటే రెండు జీవుల మీద సగం సగం పెట్టకండి, ఒకే జీవిని రెండు చోట్ల, అనుమానం ఉన్న చోట ఒకటి, శుభ్రం అని నమ్మే చోట ఒకటి చూడండి. పోల్చడానికి రెండో చోటు లేకపోతే వచ్చిన నంబర్‌ని ఏం చేసుకోవాలి. రెండు చోట్లా ఒకే సైజు, ఒకే సీజన్, వీలైతే ఒకే సెక్స్, కనీసం పదీ పదిహేను జీవులు.

చివరగా ల్యాబ్‌కి పంపేటప్పుడు చేసే చిన్న పనులు, వీటి దగ్గరే చాలా శాంపిల్స్ పాడవుతాయి. ఆల్చిప్పల్ని కోసేముందు ఒకరోజు శుభ్రమైన నీళ్లలో ఉంచితే పొట్టలో మట్టి బయటికి పోతుంది, లేకపోతే మీరు కొలిచేది మట్టిలో సీసం. మెటల్స్ చూడాలంటే ప్లాస్టిక్ కవర్లో పెట్టండి, పురుగుమందులు, పీసీబీలు చూడాలంటే అల్యూమినియం ఫాయిల్లో, పీఫాస్ అయితే నాన్‌స్టిక్ కోటింగ్ ఉన్నదేదీ దగ్గరికి రానివ్వకండి. ఫార్మలిన్‌లో వేయొద్దు, ఐస్ మీద తెచ్చి ఫ్రీజర్‌లో పెట్టండి. ల్యాబ్‌లకి నాణ్యత గుర్తింపు ఇచ్చే ఎన్ఏబీఎల్ సంస్థ గుర్తింపు ఉన్న ల్యాబ్‌నే అడగండి, వాళ్ల మెషిన్ ఎంత తక్కువ దాకా పట్టగలదో ముందే రాయించుకోండి, ఎందుకంటే "నాట్ డిటెక్టెడ్" అంటే లేదని కాదు, ఆ మెషిన్‌కి కనపడలేదని. రిపోర్ట్‌లో వచ్చిన నంబర్ పచ్చి బరువు మీదా ఎండు బరువు మీదా అని కూడా అడగండి, చేప కండలో ఐదింట నాలుగు వంతులు నీళ్లే, ఆ ఒక్క మాట రాయకపోతే అదే చేప ఒక కాగితంలో సేఫ్, ఇంకో కాగితంలో ఐదు రెట్లు ఎక్కువ.